నేలపై నిలిచి నింగిని నేర్చుట

భారతదేశపు తొలి టపా విమానాన్ని గురించి చదివిన ప్రతివారికీ 1932 అక్టోబరు 15వ తేదీ గుర్తుంటుంది. ఆనాడు జె.ఆర్.డి. టాటా కరాచీలో బయలుదేరి, అహ్మదాబాదులో ఇంధనం నింపుకొని, బొంబాయిలోని జుహూ మైదానానికి ఉత్తరాల సంచులను చేర్చారు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. జుహూలో ఆ సంచులను అందుకొని దక్షిణానికి సాగినవాడు ఆయన సహచరుడు, బ్రిటిష్ వైమానిక దళంలో పూర్వం పనిచేసిన నెవిల్ విన్సెంట్. ఆయన విమానం బళ్లారి మీదుగానే మద్రాసు చేరింది. అప్పటికి బళ్లారి మద్రాసు రాజధానిలోని జిల్లా కేంద్రం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇంకా దానితోనే ఉన్నాయి. ఆ మూడూ 1953లో ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరులో చేరింది. సరిహద్దు గీత ఎటు జరిగినా, దేశ విమానయాన చరిత్ర మొదటి పుటలోనే ఈ ఊరి పేరు నిలిచిపోయింది.

అయితే ఆ కాలపు టపా వైమానికులకు విద్య ఎక్కడ అబ్బింది? ఆకాశంలోనే. తప్పు చేస్తే దిద్దుకొనే అవకాశం చాలామందికి దక్కలేదు. అమెరికాలో 1934 ఫిబ్రవరిలో ప్రభుత్వం టపా మోసే బాధ్యతను సైనిక వైమానికులకు అప్పగించింది. మంచులో, చీకటిలో, కేవలం పరికరాలను చూచి విమానం నడిపే అభ్యాసం వారికి చాలదు. కొద్ది వారాలలోనే పలువురు యువకులు ప్రాణాలు కోల్పోయారు. దేశమంతా కలవరపడింది. అప్పుడు సైన్యానికి గుర్తుకు వచ్చినది, అంతకు ముందు వినోదశాలలలో పిల్లలు నాణెం వేసి ఎక్కే ఆటవస్తువుగానే ఎక్కువగా అమ్ముడుపోయిన ఒక చెక్కపెట్టె.

దానిని తయారుచేసిన ఎడ్విన్ లింక్ న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ పట్టణవాసి. ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యాలు నిర్మించే కర్మాగారం ఉండేది. విమానం నేర్చుకొనడానికి గంటకు అయ్యే రుసుము భరించలేక, ఇంటి పనిముట్లతోనే నేలమీద ఎగిరే ఉపాయం వెదికాడు. ఆర్గన్‌లోని తిత్తులకు గాలిని పీల్చే మోటారు తగిలించి, వాటిపై చిన్న విమానపు ఆకారాన్ని నిలిపాడు. లోపల కూర్చున్నవాడు కట్టెను ఎటు వంచితే అటువైపు తిత్తి ముడుచుకొని పెట్టె ఒరిగేది. పద్యనాటకాలకు పేరుపడిన బళ్లారి వారికి ఇది వింతగా తోచకూడదు. హార్మోనియం పెట్టెలో రాగాన్ని పలికించే తిత్తియే అక్కడ విమానాన్ని ఊగించింది. 1929లో ఆయన దీనికి పేటెంటు కోరారు; 1934లో సైన్యం ఆరు యంత్రాలు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా తయారై, మిత్రదేశాల వైమానికులలో లక్షలాది మంది వీటిలోనే మొదటి పాఠాలు నేర్చుకొన్నారు.

లింక్ కంటే ముందే, 1909 ప్రాంతంలో, ఫ్రాన్సులోని ఆంత్వానెత్ సంస్థ సగానికి కోసిన పీపాలో విద్యార్థిని కూర్చోబెట్టి, చుట్టూ మనుషులు దానిని ఊపుతుండగా సరిచేసుకొనే అభ్యాసం చేయించింది. నేటి మన కళ్లకు అది నవ్వు తెప్పించవచ్చు. కాని ఆలోచన అదే. నాటకరంగం ఈ రహస్యాన్ని ఏనాడో ఎరుగును. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారి రాఘవ నడయాడిన ఊరిలో రిహార్సలు విలువను వేరే చెప్పనక్కరలేదు.

ఇక నమూనా విమానాల సంగతి. ఇవి పెద్ద విమానాల తరువాత పుట్టిన బొమ్మలని కొందరి అభిప్రాయం. నిజానికి ఇవే ముందు ఎగిరాయి. 1871లో పారిస్‌లో అల్ఫోన్స్ పెనో మెలిపెట్టిన రబ్బరు పట్టీతో నడిచే చిన్న విమానాన్ని జనం ఎదుట ఎగురవేశాడు. 1878లో ఒక తండ్రి తన ఇద్దరు కుమారులకు ఆయన పద్ధతిలో చేసిన ఎగిరే బొమ్మను తెచ్చి ఇచ్చాడు. ఆ కుమారులే విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులు. బొమ్మ విరిగితే వారు స్వయంగా మరొకటి చేసుకొన్నారు. నికోలా టెస్లా 1898లో రేడియో తరంగాలతో చిన్న పడవను నడిపి చూపాడు. ఆ విద్యను విమానానికి చక్కగా అమర్చినవారు అమెరికాలోని కలమజూ పట్టణానికి చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్. 1937లో ఎగిరిన వారి 'గఫ్' అనే విమానం నేడు స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉంది.

రేడియో నియంత్రిత విమానాన్ని నడపడం పెద్ద విమానాన్ని నడపడం కంటే ఒక విషయంలో కష్టం. వైమానికుడు విమానంలో ఉంటాడు. అతని కుడి విమానానికీ కుడియే. నమూనా విమానాన్ని నడిపేవాడు నేలపై ట్రాన్స్‌మిటరు పట్టుకొని నిలుస్తాడు. విమానం తనకు దూరంగా పోతున్నంతసేపూ చిక్కులేదు. అది తిరిగి తనవైపు రాగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎదురుగా నిలిచి డ్రిల్లు మాస్టారు కుడిచేయి ఎత్తితే, చిన్న తరగతి పిల్లలు ఎడమచేయి ఎత్తడం అందరూ చూసినదే. మైదానంలో ఆ తికమకకు దొరికే వ్యవధి రెండు మూడు క్షణాలు మాత్రమే. తొందరపాటులో కట్టెను తప్పువైపు వంచితే, ఒరిగిన రెక్క మరింత ఒరిగి, వారాల తరబడి బాల్సా చెక్కతో అతికిన విమానం నేలను తాకుతుంది. వేల రూపాయలు ఖర్చుచేసిన కుటుంబంలో ఆ పిల్లవాడికి రెండవ విమానం దొరకడం అరుదు. ఈ విద్యను మధ్యలో వదిలివేసినవారిలో ఎక్కువమంది తెలివి చాలక కాదు, ఆ మొదటి పతనంతోనే వదిలివేశారు.

ఇక్కడనే కంప్యూటరు అక్కరకు వచ్చింది. ఇంటి కంప్యూటర్లు వ్యాపించిన కొద్దీ నమూనా విమానాల కోసమే ప్రత్యేక సిమ్యులేటర్లు రూపొందాయి. 1997లో రియల్‌ఫ్లైట్ వెలువడింది. ఆ తరువాత జర్మనీలో తయారైన ఎఫ్.ఎం.ఎస్. ఉచితంగా లభించడంతో, కొనలేని దేశాల విద్యార్థులకు కూడా ద్వారం తెరుచుకొన్నది. నిజమైన ట్రాన్స్‌మిటరునే తీగతో కంప్యూటరుకు కలిపి, తెరపై నేలమీద నిలిచినవాని చూపునుండే విమానాన్ని నడపవచ్చు. పడిపోతే మీట నొక్కితే చాలు, విమానం మళ్లీ చెక్కు చెదరక నిలుస్తుంది. ఎదురుగా వచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలుతున్నదో కట్టెను ఆ వైపుకే నెట్టాలన్న సూత్రం వింటే అర నిమిషంలో తెలుస్తుంది. అది వేళ్లకు తెలియడానికి వందలసార్లు చేయాలి. రోజుకు పావుగంట చొప్పున చేసినవాడు, ఆదివారమంతా కూర్చొన్నవాని కంటే ముందు నేర్చుకొంటాడు.

కంప్యూటరు ముందు కూర్చొన్న పిల్లవాడు ఆడుతున్నాడా, నేర్చుకొంటున్నాడా అన్నది తల్లిదండ్రుల న్యాయమైన సందేహం. దానికి పరీక్ష సులభం. మీటలపై కాక ట్రాన్స్‌మిటరుపై అభ్యసిస్తున్నాడా? పైరెక్క గల నెమ్మది విమానాన్నే ఎంచుకొని, పదే పదే దించుతున్నాడా? లేక యుద్ధవిమానాన్ని ఎన్నుకొని కూల్చి నవ్వుతున్నాడా? రెండవదైతే అది ఆటయే; ఆటగా దానిలో తప్పులేదు గాని, చదువు అనరాదు.

తెరకు తెలియనివి కూడా ఉన్నాయి. బళ్లారి గుట్టవంటి నల్లరాతి కొండ మధ్యాహ్నపు ఎండకు కాగి, దానిపైని గాలి పైకి లేస్తుంది. గ్రద్దలు రెక్క ఆడించకుండా తిరిగేది ఆ గాలిలోనే. కొండకు గాలివాలు వైపున సుడులు పుడతాయి. ఏప్రిల్, మే నెలల వేడిలో గాలి పలుచబడి విమానానికి ఎక్కువ పరుగు కావాలి. చదునైన తెర దూరాన్ని సరిగా చూపదు గనుక, దించడంలో అంచనా మైదానంలోనే కుదురుతుంది. బ్యాటరీ నిండినదా, కట్టె కుడికి వంచితే ఎయిలరాన్లు సరైన వైపు కదులుతున్నాయా, ఎదుట మనుషులు ఉన్నారా అని చూచుకొనే అలవాటును ఏ సిమ్యులేటరూ నేర్పదు. అందుకే మొదటి రోజులలో గురువు ట్రాన్స్‌మిటరుకు శిష్యుని ట్రాన్స్‌మిటరును కలిపి, ఆపద రాగానే గురువు అదుపు తీసుకొనే పద్ధతి ఇప్పటికీ ఉత్తమం. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో ఏరోమోడలింగ్ శిక్షణాంశంగా ఉన్నందున, పాఠశాల విద్యార్థులకు ఆ దారి కూడా ఉంది.

చట్టం సంగతి తెలిసి ఉండాలి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు దేశపు ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి. విమానాశ్రయాల పరిసరాలలో ఎగురవేయడానికి అనుమతి కావాలి. తోరణగల్లు వద్ద విద్యానగర్ విమానాశ్రయం ఉన్న జిల్లాలో దీనిని ఉపేక్షించరాదు. ఏ మైదానానికి వెళ్లినా ముందుగా ఆ పటాన్ని చూడాలి.

ఆ నియమాల ననుసరించి ఏర్పడిన శిక్షణ సంస్థలలోనే నేడు పొలాలపై మందు చల్లే డ్రోన్లను నడపడం నేర్పుతున్నారు. స్వయం సహాయక సంఘాల మహిళలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో ఆరంభించింది. సంఘాల లక్ష్యం 15,000. పత్తి, మిరప చేలలో పెరిగిన స్త్రీలు ఆ శిక్షణకు వెళ్లినప్పుడు వారి చేతికి మొదట ఇచ్చేది డ్రోను కాదు. తెర ముందు కూర్చోబెట్టి, రెండు కట్టెలున్న ట్రాన్స్‌మిటరును అందిస్తారు.