తొమ్మిది తరువాత పది

తొమ్మిది తరువాత పది వచ్చునని బడికి పోవు బాలునకును తెలియును. కాని కంప్యూటరునకు ఆ సంగతి మనము నేర్పిననే గాని తెలియదు. ఇది వినోదమునకు చెప్పుచున్న మాట కాదు. వికారాబాదు, తాండూరు సీమల రైతుల పొలములతో దీనికి సంబంధమున్నది.

ఈ రెండును పూర్వము నిజాము రాజ్యములోనివి. తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో నుండి, 1956లో రాష్ట్రముల పునర్విభజనతో ఆంధ్రప్రదేశమున చేరెను. 1978లో రంగారెడ్డి జిల్లాయు, 2016లో వికారాబాదు జిల్లాయు ఏర్పడినవి. జిల్లాలెన్ని మారినను రైతు తన చెలకను గుర్తించునది సర్వే నంబరుతోనే. అన్నదమ్ములు పంచుకొన్నచో 45వ నంబరు 45/అ, 45/ఆ అని చీలును. పట్వారీ పహాణీలో అంకెలను విలువనుబట్టి చదివి, వరుసగా వ్రాసెడివాడు.

లెక్కలు కంప్యూటరునకు ఎక్కినప్పుడు చిక్కు వచ్చును. 45/అ అనుదానిని యంత్రము సంఖ్యగా గైకొనజాలదు, మాటగా గైకొనును. మాటలను నిఘంటువులోవలె మొదటి గుర్తునుబట్టి పేర్చును గనుక 1, 10, 100, 2, 20 అని వరుస యేర్పడును. 9వ నంబరు రైతు 8 క్రింద చూచిన అచ్చట 80 కనబడును. తన భూమి జాబితాలో లేదని అతడు కలవరపడుటలో వింత యేమున్నది?

దీనికి ఉపాయము రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అను నమూనా. 1950వ దశకమున అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ దీనికి పునాది వేసెను. 1968లో కెన్ థాంప్సన్ దానితో వ్రాతలో వెదకు పద్ధతిని ప్రకటించెను. “ప్రక్కప్రక్కనున్న అంకెలన్నియు ఒక గుంపు” అని నమూనా చెప్పును. ఆ గుంపునకు ఎడమవైపున సున్నలు చేర్చి నాలుగు స్థానములు చేసిన 9 కాస్త 0009, 10 కాస్త 0010, 45/అ కాస్త 0045/అ అగును. వీనినిబట్టి పేర్చి, చూపునప్పుడు అసలు నంబరునే చూపవలెను.

ఒక్క జాగ్రత్త. నమూనాలో 0 నుండి 9 వరకని మాత్రమే వ్రాసినచో ౯, ౧౦ వంటి తెలుగు అంకెలు చిక్కవు. యూనికోడులో వాని స్థానములు వేరు. ముందుగా వానిని మార్చుకొనవలెను.

ఇందు యంత్రమునకు మనము నేర్పినది పట్వారీ యెరిగిన పాత విద్యయే. ఏ జాబితా చేతికి వచ్చినను మొదట 9 తరువాత 10 ఉన్నదా యని చూడుడు. లేనిచో మీ పొలము పోలేదు. వరుస మాత్రమే తప్పినది.