సైక్లోస్పోరిన్ - మూత్రపిండములు, రక్తపోటు
సైక్లోస్పోరిన్ రోగనిరోధక శక్తిని అణచివుంచే ఔషధము. ఇది ఒక శిలీంధ్రము నుండి లభించినది. మార్పిడి చేసిన మూత్రపిండమును శరీరము తిరస్కరించకుండా ఇది కాపాడుతుంది. అయితే ఆ మూత్రపిండమునకే హాని కూడా చేయగలదు. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ బృందము మూత్రపిండ మార్పిడి రోగులకు దీనిని తొలిసారి వాడినపుడే ఈ దోషము బయటపడింది.

ఈ మందు మూత్రపిండపు వడపోతకు రక్తమును చేర్చే సూక్ష్మ ధమనులను సంకోచింపజేస్తుంది. అందువలన వడపోత తగ్గి, రక్తములో క్రియాటినిన్ పెరుగుతుంది; ఉప్పు, నీరు శరీరములో నిలిచి రక్తపోటు హెచ్చుతుంది. మోతాదు తగ్గిస్తే ఈ మార్పు చాలావరకు సర్దుకుంటుంది. ఏళ్ళ తరబడి కొనసాగితే మాత్రము మూత్రపిండములో మచ్చలు ఏర్పడి నష్టము శాశ్వతము కావచ్చును. టాక్రోలిమస్‌కు కూడా ఈ గుణము ఉన్నది.

రోగి తనంతట తాను మందు మానివేస్తే మూత్రపిండము తిరస్కరింపబడే ప్రమాదమున్నది. కనుక రక్తములో మందు పాళ్ళు, క్రియాటినిన్, రక్తపోటులను క్రమముగా పరీక్షించి వైద్యులే మోతాదును నిర్ణయిస్తారు. పంపరపనస పండు రక్తములో ఈ మందు పాళ్ళను పెంచగలదు.