చార్మినార్ నీడలో గోథిక్ నవల

గోథిక్ నవలను చదివే విద్యార్థి చేతిలో ముందుగా ఒక పదాల పట్టిక పెడతారు. కథాచట్రం, నమ్మదగని కథకుడు, ప్రతిరూపం, భవ్యత, తెలిసినదే వింతై భయపెట్టడం, గతం తిరిగి వచ్చి పగ తీర్చుకోవడం. 1764లో హోరేస్ వాల్పోల్ రాసిన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' మొదలుకొని మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' (1818) మీదుగా 'డ్రాక్యులా' (1897) వరకు ఈ పదాలనే అన్వయిస్తారు. ఇవి పరాయి దేశపు పాడుపడ్డ కోటలకు మాత్రమే చెందినవని మనకొక అభిప్రాయం. కాని వీటితో చదవదగిన ఒక నవల మన హైదరాబాదు వీధుల్లో కూడా నడిచింది.

ఆ నవల 1839లో లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్'. రచయిత ఫిలిప్ మెడోస్ టేలర్ (1808–1876). లివర్‌పూల్‌లో పుట్టి, చిన్న వయసులోనే భారతదేశం చేరి, నిజాము సైన్యంలో ఉద్యోగం చేసినవాడు. హైదరాబాదులో పేరుమోసిన వడ్డీవ్యాపారి విలియం పామర్‌కు అల్లుడు. 1832లో అప్రూవర్‌గా మారిన ఆమీర్ అలీ అనే థగ్గును తాను కలిశాననీ, అతడు 719 హత్యలలో పాల్గొన్నట్లు ఒప్పుకున్నాడనీ టేలర్ ముందుమాటలో చెప్పాడు.

కథలో ఆమీర్ అలీ ముఠా హైదరాబాదు చేరుతుంది. సాహుకార్ల కార్వాన్‌లో విడిది చేస్తుంది. జోరా అనే నర్తకి కోసం అతడు నగరంలో వెతుకుతాడు. మొహర్రం రాత్రి కాగడాల వెలుగులో సాగే ఊరేగింపును చూసి పరవశిస్తాడు. మన పట్టికలోని మొదటి పదం ఇక్కడే అక్కరకు వస్తుంది. ఎడ్మండ్ బర్క్ 1757లో వివరించిన భవ్యత అంటే, ఎదుట ఉన్నదాని పరిమాణానికి మనసు భయంతోనే తలవంచడం. యూరపు నవలలో ఆ పని చేసే కోట స్థానంలో ఇక్కడ మన పాతబస్తీ నిలిచింది.

రెండవది, భయంలోని భేదం. ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసంలో టెర్రర్‌నూ హారర్‌నూ వేరుచేసింది. మొదటిది రాబోయేదాన్ని ఊహింపజేసి మనసును విప్పారజేస్తుంది. రెండవది ఉన్నదాన్ని చూపి ముడుచుకుపోయేలా చేస్తుంది. భరతుని రసాలు తెలిసిన మనకు ఇది కొత్త కాదు. భయం స్థాయీభావంగా భయానకం, జుగుప్స స్థాయీభావంగా బీభత్సం. టేలర్ ఎక్కువగా భయానకాన్నే ఆశ్రయించాడు. రుమాలు మెడకు చుట్టుకునే క్షణం కన్నా, అంతకు ముందు బాటసారులూ థగ్గులూ కలిసి కబుర్లాడుతూ నడిచే మైళ్ళే ఎక్కువ భయపెడతాయి.

తెలిసినదే వింతగా మారి భయపెట్టడాన్ని ఫ్రాయిడ్ 1919లో చర్చించాడు. థగ్గుల సంకేతాలు దానికి చక్కని ఉదాహరణ. తంబాకు తెమ్మనడం వంటి ఇంటి మాట ఒకటి హత్యకు ఆజ్ఞ అవుతుంది. వారి రహస్యభాషలో 'బునిజ్' అంటే సరుకు. బాటసారి అన్నా అదే మాట.

ప్రతిరూపమూ, తిరిగి వచ్చే గతమూ కథ చివర కలుస్తాయి. ఆమీర్ అలీ తల్లిదండ్రులను చంపింది థగ్గులే. ఆ ముఠా నాయకుడే అతణ్ణి పెంచుకున్నాడు. హంతకుడే తండ్రి అయ్యాడు, బలికావలసిన బిడ్డ హంతకుడయ్యాడు. ఎన్నో ఏళ్ళ తరువాత, తాను చంపిన ఒక స్త్రీ స్వయానా తన చెల్లెలని అతడికి తెలుస్తుంది. ఒట్రాంటో కోట మీది శాపం వంటిదే ఇదీ.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది కథాచట్రం. భేతాళ కథలు, కాశీ మజిలీలు, 'కళాపూర్ణోదయం' చదివిన తెలుగువారికి కథలో కథ అలవాటే. కాశీ మజిలీల్లో ప్రయాణపు అలసట తీర్చడానికి కథ చెబుతారు. టేలర్ నవలలో ప్రయాణికుణ్ణి నమ్మించడానికి చెబుతారు. ఆమీర్ అలీ ఆయుధం రుమాలు ఒక్కటే కాదు, మాట కూడా. అదే మాటతో అతడు మనకూ కథ చెబుతున్నాడు. అతడి వాక్చాతుర్యానికి మురిసే పాఠకుడు కొంతసేపు బునిజే. నమ్మదగని కథకుడంటే ఇంతకు మించిన నిర్వచనం నాకు తోచదు.

అయితే చట్రానికి ఇంకో అంచు ఉంది. ఆమీర్ అలీ ఎదుట కూర్చుని వింటున్నది ఒక 'సాహెబ్'. విక్రమార్కుడిలా మౌనం వీడితే నష్టపోయే శ్రోత కాడు. చెప్పేవాడు ఖైదీ, రాసేవాడు అధికారి. 1836లో కెప్టెన్ స్లీమన్ థగ్గుల మాటలకు 'రామసీయానా' అనే నిఘంటువు అచ్చువేయించాడు. అదే ఏడు వచ్చిన 30వ చట్టం ప్రకారం, ఫలానా హత్య చేశాడని రుజువు కానక్కరలేదు, ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష. ఆ సాక్ష్యం చెప్పేది తరచుగా ప్రాణభిక్ష కోసం అప్రూవరైనవాడే. దారిదోపిడీలు, హత్యలు జరిగాయనడంలో సందేహం లేదు. అవన్నీ ఒకే మత కూటమి పనులా అన్నది మాత్రం చరిత్రకారులు నేటికీ వాదించుకునే విషయం.

హిందీలో మోసగాడు అనే అర్థమున్న 'ఠగ్' అన్న మాట ఇంగ్లీషులో కిరాతకుడైపోయింది. ఆ మార్పులో ఈ నవలకూ వాటా ఉంది. నవలను పట్టుకుని ఊరికి పేరు పెట్టడం ఎంత సులభమో ఆలోచిస్తే, పరీక్ష కోసం వల్లించే ఆ పదాల పట్టిక విలువ తెలుస్తుంది. భయం కలిగినప్పుడు ఆగి, ఈ భయాన్ని నాకు ఎవరు చెబుతున్నారు, ఎవరు రాశారు, ఎవరి కోసం అని అడగడం అది నేర్పుతుంది. మన పాతబస్తీ గురించి ఇప్పటికీ వినబడే కథలకు కూడా ఈ ప్రశ్నలు పనికొస్తాయి. మీరేమంటారు?