భల్లూకమును తూటాయును



మన సంఘ వార్షిక సంచికకు వ్యాసమొకటి వ్రాయవలయునని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము యథాప్రకారముగ నేదేని శాసనమును గూర్చియో ప్రబంధమును గూర్చియో వ్రాయ దలచితిమి. ఇంతలో మాకొక జాబు వచ్చినది. పూర్వము మాయొద్ద చదువుకొని, ఇప్పుడు అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్న మన కులపు చిరంజీవి యొకడు ఎలుగుబంటి వేటకు పోవ సంకల్పించి, "మాస్టారూ, అన్నిటికంటె పెద్ద తూటా కొనాలనుకుంటున్నాను, తమరు చరిత్ర చదివినవారు గదా, ఏమంటారు?" అని వ్రాసెను. తుపాకిని చేతబట్టి యెరుగని మాకు ముందుగా నవ్వు వచ్చినది. కాని వాని తల్లి మా యింటికి వచ్చి, "వాడు దాన్ని కొట్టడం అలా ఉంచండి, అది వాడిమీద పడకుండా చూడండి" అని కన్నీరు పెట్టుకొనగా, ఇది నవ్వులాట కాదని తోచి గ్రంథములు తిరుగవేసితిమి. అందు దేలిన చరిత్రనే సభవారికి విన్నవించుచున్నాము.

మొదట నామవిచారము. సంస్కృతమున నెలుగునకు ఋక్షమని పేరు. గ్రీకుల 'ఆర్క్టోస్', లాటినువారి 'ఉర్సుస్' ఈ ఋక్షశబ్దమునకు తోబుట్టువులు. మనము సప్తర్షులని కొలుచు నక్షత్రములు గ్రీకులకు ఆడు ఎలుగు. ఆ నక్షత్రముల దిక్కగుటచేతనే యుత్తరధ్రువ ప్రాంతమునకు ఆర్క్టిక్ అను పేరు కలిగెను. ఉత్తరదేశముల వారు మాత్రము ఆ మృగము పాత పేరును నోట ననుట మానిరి. రష్యనులు దానిని 'మెద్వేద్' అందురు. తేనె తినునదని యర్థము. మన 'మధు' శబ్దమును, తినుట యను నర్థముగల 'అద్' ధాతువును అందు స్పష్టముగ గానవచ్చును. పేరు పలికిన నెదుట వచ్చి నిలుచునను భయమే యిందులకు కారణమని భాషాపండితులు చెప్పుదురు. రాత్రివేళ పామును పురుగని మన యింటి పెద్దలు పిలుచుట యిట్టిదే కదా.

ఆ భయము నిష్కారణమైనది కాదు. మన నల్లమల యడవులలో తిరుగు ఎలుగు సాధారణముగ నూరు కిలోగ్రాములకు కొంచె మెక్కువ తక్కువగ నుండును. అలాస్కా సముద్రతీరమున సాల్మను చేపలు మెక్కి బలిసిన గోధుమవన్నె మగ ఎలుగు 600 కిలోగ్రాములు మించుటయు కలదు. మన దేశమున నెలుగును 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది గనుక ఇచ్చట వేట ప్రసక్తియే లేదు. అలాస్కాయందు ప్రభుత్వపు నియమములకు లోబడి ఈ వేట నేటికిని సాగుచున్నది. కావున మన చరిత్రయు నచ్చటిదే.

1805 సంవత్సరము. లూయిస్, క్లార్కు అను సేనానాయకు లిరువురు పరివారముతో మిస్సోరీ నది వెంబడి పశ్చిమమునకు సాగుచుండిరి. ఆ భూమి నెరిగిన ఆదివాసులు గ్రిజ్లీ యను నెలుగును గూర్చి ముందే హెచ్చరించిరి. ఏప్రిలు చివర నొక ఎలుగును చంపినపుడు, విల్లును నాసి తుపాకియు గలవారు దీనికి వెరచిన వెరతురుగాక, నేర్పరియగు రైఫిలుకాని కిది యంత భయంకరము కాదని లూయిస్ దినచర్యలో వ్రాసికొనెను. వారము తిరుగలేదు. మే 5వ తేదీన క్లార్కును, డ్రూయార్ అను వేటకాడును మరియొక ఎలుగును కొట్టిరి. దాని శరీరమున పది గుండ్లు దూసిపోయెను. అందైదు ఊపిరితిత్తులలో నుండియే పోయినవి. ఐనను అది నదిలో సగమునకు పైగా నీది, ఇసుకదిబ్బ నెక్కి, మరి యిరువది నిమిషములు బ్రతికియుండెను. తమవారి కుతూహలము చాలవరకు తీరినదని మరునాడు లూయిస్ వ్రాసెను. గర్వభంగమును ఇంత మర్యాదగ నొప్పుకొన్న వాక్యములు చరిత్రమున నరుదు.

ఆ కాలపు తుపాకి నోటినుండి మందు గూరి, సీసపు గోళి నొకదానిని దిగవేసి పేల్చునది. ఒకసారి పేల్చిన పిమ్మట మరల నింపులోపల ఎలుగు మీదికి వచ్చును. గుండు, మందు, నిప్పుబిళ్ల మూడును ఒక్క లోహపు గొట్టమున నిమిడ్చిన తూటా వచ్చిన పిదపనే వేటకానికి కొంత ధైర్యము చిక్కెను. 1873లో అమెరికా సైన్యము '45-70' అను తూటాను స్వీకరించెను. అంకెల యర్థ మిది: గుండు వ్యాసము అంగుళమున నూటికి 45 వంతులు, నల్లమందు 70 గ్రెయినులు. గుండు బరువు 405 గ్రెయినులు. మన పూర్వపు తులము సరిగా 180 గ్రెయినులు. ఇంగ్లీషువారి కాలపు వెండిరూపాయి తూకమును అదియే. కావున నా గుండు రెండుంపావు తులముల సీసము. వెనుకటి పెద్దలు రెండు రూపాయలును ఒక పావలాయు అరచేత నుంచుకొని తూచినట్లు తలచుకొన్నచో దాని బరువు బోధపడును.

థియొడోర్ రూజ్‌వెల్టు తరువాత అమెరికా అధ్యక్షుడయ్యెను. అతడు 1884లో బిగ్‌హార్న్ కొండలయందు ఇంచుమించు ఇట్టి తూటా వేయు వించెస్టరు రైఫిలుతో గ్రిజ్లీ నొకదానిని కొలది యడుగుల దూరమున నెదుర్కొని, కన్నుల నడుమ గురిపెట్టి ఒక్క గుండుతో కూల్చెను. 1805లో పది గుండ్లకు కూలనిది ఇచ్చట ఒక్క గుండుకు కూలుటకు తూటా పెరుగుట కొంత కారణము. గుండు తగిలిన చోటు అంతకు మించిన కారణము.

పిమ్మట మందు మారినది. 1884లో వియేయ్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు పొగలేని మందును కనిపెట్టెను. దానితో గుండు వేగము ఇబ్బడిముబ్బడిగ పెరిగెను. 1898లో ఇంగ్లండునందలి రిగ్బీ కంపెనీవారు '.450 నైట్రో ఎక్స్‌ప్రెస్' అను మహాతూటాను చేసిరి. దీని కథలో మన దేశమునకు కొంత పాలున్నది. ఆ కొలత తూటాలు తిరుగుబాటుదారుల చేతి పాత సైనిక తుపాకులకు పనికివచ్చునని శంకించి, 1907 ప్రాంతమున ప్రభుత్వమువారు వాని నిండియాలోనికి రానీక నిషేధించిరి. వెంటనే ఇంగ్లీషు తుపాకుల కంపెనీలవారు .465 అనియు .470 అనియు కొలతను కొంచెము మార్చి క్రొత్తవి చేసి యమ్మిరి. మన యడవులలో పులుల వేటాడిన దొరలు వాడిన .470 తూటా పుట్టుకకు మృగముల బలము కారణము కాదు, రాజ్యభయము కారణము! పేరు పెద్దదైన ప్రతి తూటాయు మృగమును చూచి పుట్టినది కాదని చదువరులు గ్రహింతురు గాక.

మన ప్రశ్నకు ముఖ్యమైనవి మరి రెండు తూటాలు. మొదటిది 1906లో అమెరికా సైన్యము స్వీకరించిన '30-06': అంగుళమున నూటికి 30 వంతుల గొట్టము, 1906వ సంవత్సరము అని దాని పేరున కర్థము. వేటకు వాడుకైన దాని గుండు 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. రెండవది 1912లో లండనునందలి హాలండ్ అండ్ హాలండ్ కంపెనీవారు చేసిన '.375 మేగ్నమ్'. దీని గుండ్లు 270, 300 గ్రెయినులవి. 270 గ్రెయినులన తులమున్నర. ఏనుగు మొదలు ఎలుగు వరకు దేనికైనను చాలునని పేరుగన్న దిది.

లెక్క చూడుడు. గుండు బలము బరువుతోడ పెరుగును. వేగముతోడ వర్గముగ పెరుగును. రెండుంపావు తులముల 45-70 గుండు సెకనునకు సుమారు 1350 అడుగులు పోవును. దాని బలము 1600 అడుగు-పౌనులకు పైన. తులపు 30-06 గుండు 2700 అడుగులు పోవును, బలము 2900. .375 తూటా 300 గ్రెయినుల గుండు 2500 అడుగులకు పైగా పోవును, బలము 4200. ఇంతవరకు మన చిరంజీవి వాదమే నెగ్గినట్లు కనబడును. పెద్ద తూటాయే కొనరాదా?

ఇచ్చట రెండు చిక్కులు. మొదటిది గుండు స్వభావము. ఎలుగుకు దట్టమైన బొచ్చు, దాని క్రింద క్రొవ్వు, దాని క్రింద బలిసిన కండరము, భుజమున లావైన యెముక. గుండు వీనినన్నిటిని దాటి గుండెకాయను, ఊపిరితిత్తులను చేరవలయును. వేగము హెచ్చినకొలది మెత్తని సీసము పైననే చిట్లిపోవును. 1946లో కెనడాయందు జాన్ నోస్లరు అను నతడు శక్తిమంతమగు మేగ్నమ్ తూటాతో మూసు అను పెద్ద దుప్పిని కొట్టగా, బురద పట్టిన దాని చర్మముపై గుండ్లు చిట్లి లోనికి పోలేదు. అతడింటికి పోయి, గుండు నడుమ రాగి గోడ నొకదానిని నిలిపి, ముందుభాగము విచ్చుకొన్నను వెనుకభాగము చెక్కుచెదరక చొచ్చుకొనిపోవునట్లు క్రొత్త గుండును కల్పించి 1948లో అమ్మజొచ్చెను. తూటా పేరుకంటె గుండు కట్టుబడి ముఖ్యమని లోకమున కప్పుడు తెలిసెను.

రెండవ చిక్కు మనుష్యునిది. గుండు ముందుకు పోయినకొలది తుపాకి వెనుకకు తన్నును. సాధారణపు బరువుగల తుపాకులలో .375 తాపు 30-06 తాపునకు ఇంచుమించు రెట్టింపు. 1956లో వచ్చిన .458 తాపు ఇంకను ఘోరము. ఒకసారి భుజము నొచ్చినవాడు రెండవసారి మీట నొక్కునప్పుడు తానెరుగకయే కన్ను మూయును, చేయి జంకును. గుండు గుండెకు పోవక కడుపునకు పోవును. అలాస్కా ప్రభుత్వపు మృగసంరక్షణశాఖవారు వేటగాండ్రకు ప్రకటించిన సలహాలో నిదే ప్రధానము. అనుభవముగల మార్గదర్శకులు, బాగుగ పేల్చ నేర్చిన 30-06 గలవానినే కోరుదురు గాని, గురి సరిచూచుటకు మాత్రము నాలుగుసార్లు పేల్చిన మెరుగుల మేగ్నమ్ గలవానిని కోరరట. భారీ ఎలుగులకు సైతము 200 గ్రెయినులు, అంతకు మించిన మేలిరకపు గుండ్లతో 30-06 చాలునని వారి మతము; .338, .375 తూటాలు వానిని నిబ్బరముగ పేల్చగలవారికే శ్రేష్ఠములు.

దీనికి పరాకాష్ఠ 1953లో జరిగినది. కెనడాలోని ఆల్బర్టాయందు స్లేవు సరస్సు దాపున, బెల్లా ట్విన్ అను క్రీ జాతి వృద్ధురాలు కుందేళ్లకు వాడు .22 తూటా తుపాకితో నడచిపోవుచుండగా గ్రిజ్లీ యొకటి సమీపించెను. గత్యంతరము లేక ఆమె దాని తలయం దెముక పలుచనైన చోట గురిచూచి కొట్టెను. ఎలుగు పడిపోయెను. దాని పుఱ్ఱె యప్పటికి ప్రపంచమున నన్నిటికంటె పెద్దదని కొలిచి చెప్పిరి. దీనిని చూచి .22తో ఎలుగు వేటకు పోవచ్చునని యెవరును భ్రమపడరాదు. అది ప్రాణముమీదికి వచ్చినప్పుడు చేసిన పని. నేర్పు లేనివాని చేతి మహాతూటాకంటె నేర్పరి చేతి చిన్న గుండు మేలనుట కిది సాక్ష్యము, అంతియే.

జనకుని సభయందలి శివధనుస్సు గొప్పదే. దాని నెత్తలేని రాజుల కది యేమి ప్రయోజనము? ద్రోణాచార్యులు శిష్యులను పరీక్షించునపుడు "ఏ విల్లు తెచ్చితివి?" అని యడుగలేదు, "నీకేమి కనబడుచున్నది?" అని యడిగెను.

గురి తప్పుట యొక్క వేటగాని నష్టముతో పోవునది కాదు. గాయపడిన ఎలుగు పొదలలో దూరును. దానిని వెదకి, బాధ తీర్చి, దారిన బోవువారికి ముప్పు లేకుండ చేయుట ధర్మము. అలాస్కాకు పరరాష్ట్రమునుండి వచ్చినవాడు గోధుమవన్నె ఎలుగును వేటాడవలెనన్న, లైసెన్సుగల మార్గదర్శకుడో అచ్చట నివసించు దగ్గరి బంధువో వెంటనుండవలెనని చట్టము. ఆ పొదలోనికి ముందుగా పోవలసినవా డాతడే. ఒకని డంబమునకు మరియొకడు ప్రాణము నొడ్డవలసివచ్చును. మూగజీవము దినములకొలది బాధపడవలసివచ్చును. తూటా యెన్నికలో నిజముగ పణముగ నున్నది వేటగాని పరువు కాదు, ఈ రెండు ప్రాణములు.

ఈ విషయములన్నియు చిరంజీవికి వ్రాసి, కడపట నిట్లు చేర్చితిమి: "నాయనా! నీ భుజ మోర్చునంతటి తూటానే కొనుము. గుండ్లు మేలిరకమువి యెన్నుకొనుము. కూర్చుండియు, మోకరిల్లియు, ఆయాసపడుచును పేల్చుట నభ్యసింపుము. నమ్మకము కుదురనిచో తుపాకి దింపుము. ఆత్మరక్షణకు మాత్రము, ఎలుగులపై చిమ్ము కారపు డబ్బా నొకటి నడుమున కట్టుకొనుము. అలాస్కాయందు 1985 మొదలు 2006 వరకు దానిని వాడిన సందర్భములను పండితులు పరిశీలింపగా, గోధుమవన్నె ఎలుగుల విషయమున నూటికి తొంబదికి పైగా నది వాని దౌర్జన్యము నాపెనట. ఆ కారము మన మిరపకాయ సారమే. వేట లేకయే తిరిగివచ్చుట సిగ్గు కాదు. రూజ్‌వెల్టు పెక్కు మృగములను చంపెను. కాని 1902లో మిసిసిపీయందు చెట్టునకు కట్టిన ఎలుగును కాల్చనన్న కారణముననే పసిపిల్లల బొమ్మకు 'టెడ్డీ' యని యాతని పేరు నిలిచినది."

బదులు వచ్చినది. చిరంజీవి 30-06 కొని, ప్రతి శనివారము గురి నభ్యసించుచున్నాడట. వేటకు తేదీ యింకను నిశ్చయింపలేదట. తల్లికి చదివి వినిపించితిమి. తూటా మాట విన్నప్పు డామె పలుకలేదు. మిరపకారపు మాట విన్నప్పుడు మాత్రము మొగము వికసించి, "గుంటూరు కారం నేను పంపిస్తానని రాయండి" అనినది.

సంఘమునకును వ్యక్తికిని సాధనము శక్తికి తగినదై యుండవలయునని విన్నవించి విరమించుచున్నాము.