పైవారికి మూడేళ్లు, కార్మికుడికి పదిహేను రోజులు

నా ఉద్యోగమంతా ఫ్యాక్టరీ అకౌంట్స్ సెక్షన్‌లోనే గడిచింది. రిట్రెంచ్‌మెంట్ జాబితా వచ్చిందంటే ఒక్కొక్కరి సర్వీసు రికార్డు తీసి, నిండిన ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున నష్టపరిహారం కట్టేవాళ్లం. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో చేరిన 25ఎఫ్ సెక్షన్ లెక్క అది. చివర మిగిలిన కాలం ఆరు నెలలు దాటితే దాన్నీ ఏడాదిగా కలపాలి. కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ల చూపంతా ఆ ఆరు నెలల మీదే. నాలుగు రోజులు తక్కువైతే పదిహేను రోజుల జీతం పోయినట్టే.

పెద్ద అధికారుల సాగనంపు సొమ్ము కథ వేరు. 1961లో అమెరికాలో టీడబ్ల్యూఏ విమాన సంస్థకు అప్పులిచ్చినవాళ్లు హోవార్డ్ హ్యూస్ పెత్తనం తప్పించి, చార్లెస్ టిలింగ్‌హాస్ట్‌ను తెచ్చారు. హ్యూస్ మళ్లీ పట్టు సాధించి తనను తీసేస్తే ఏమిటని ఆయన ముందే కాంట్రాక్టులో రక్షణ రాయించుకున్నారు. ‘గోల్డెన్ పారాచూట్’కు అదే మొదలని చాలామంది అంటారు. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను.

తర్వాత జరిగిందే తప్పు. 1982లో బెండిక్స్ కంపెనీ మార్టిన్ మారియెట్టాను కొనబోయి, చివరికి తానే అలైడ్ చేతికి చిక్కింది. బెండిక్స్ అధిపతి విలియం ఏజీకి సుమారు 40 లక్షల డాలర్ల హామీ ఉందని తెలిసి దేశమంతా భగ్గుమంది. 1984లో అమెరికా కాంగ్రెస్ పన్ను వేసింది. కంపెనీ చేతులు మారినప్పుడు ఇచ్చే సొమ్ము, గత ఐదేళ్ల సగటు ఆదాయానికి మూడు రెట్లకు చేరితే, ఒక రెట్టు పోను మిగతాదానిపై అధికారి 20 శాతం అదనపు పన్ను కట్టాలి. కంపెనీలేమో మూడు రెట్లకు కాస్త తక్కువను ఆనవాయితీ చేసుకున్నాయి. అంతవరకు అలాంటి హామీలేని చోట్ల కూడా అవి పుట్టుకొచ్చాయి. కొన్ని కంపెనీలైతే అధికారి పన్నునూ తామే కట్టాయి. అదుపు చేయాల్సిన అంకె అందరూ అడిగే అంకె అయింది.

మన కంపెనీల చట్టం 1956 నుంచే ఇంకో దారి పట్టింది. మేనేజింగ్ డైరెక్టర్‌ను గడువుకు ముందే తప్పిస్తే, మిగిలిన గడువు జీతమో మూడేళ్ల జీతమో, ఏది తక్కువైతే అదే పరిమితి. మోసం చేసినవాడికి పైసా లేదు. 2013 చట్టంలో అదే 202వ సెక్షన్. ఇది మంచి చట్టమే.

కార్మికుడి లెక్క మాత్రం కదల్లేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఏడాదికి పదిహేను రోజులే. ఆ లెక్కన మూడేళ్ల జీతం చేతికి రావాలంటే 73 ఏళ్లు పనిచేయాలి. ఈ పదిహేను రోజుల్ని పెంచాలి.