మూడు రోజుల గడువు

జాలిపడి కట్టిన చోటే బెదురు కుక్కకు అన్యాయం జరిగిందంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. కానీ కుక్కల ఆశ్రయాల చరిత్రలో జరిగింది అదే. 1860లో లండన్‌లోని హాలోవేలో మేరీ టీల్బీ అనే ఆవిడ తప్పిపోయిన కుక్కలకూ ఆకలితో తిరిగే కుక్కలకూ ఒక తాత్కాలిక నివాసం తెరిచింది. మనుషులకే దిక్కులేని ఊళ్లో కుక్కలకు సత్రమా అని ఎగతాళి చేశారు. 1862లో చార్లెస్ డికెన్స్ నడిపే పత్రిక దాన్ని వెనకేసుకొస్తూ వ్యాసం వేసింది. ఇస్లింగ్టన్‌లో బహుమతుల కోసం నిలబెట్టిన జాతి కుక్కలనూ, హాలోవేలోని ఈ అనాథలనూ పక్కపక్కన పెట్టి చూపిన ఆ వ్యాసం పేరు 'రెండు కుక్కల ప్రదర్శనలు'. వ్యంగ్యానికి పెట్టిన ఆ పేరు అక్షరాలా నిజమైంది. అక్కడైనా ఇక్కడైనా చూడవచ్చిన మనిషి ముందుకు కుక్క రావాలి, తోకాడించాలి. మూలకు నక్కినదాన్ని ఎవరడుగుతారు?

ఆ ప్రదర్శనకు గడువు పెట్టింది చట్టం. 1867 నాటి లండన్ వీధుల చట్టం దిక్కులేని కుక్కలను పట్టే అధికారం పోలీసులకిచ్చింది. యజమాని వచ్చి ఖర్చులు కట్టి విడిపించుకోవడానికి మూడు రోజులు. ఆ తర్వాత అమ్మవచ్చు, చంపవచ్చు. పోలీసులు పట్టిన కుక్కలు మేరీ టీల్బీ నివాసానికే చేరేవి. ఆమె 1865లోనే పోయింది. 1871లో ఆ నివాసం బ్యాటర్సీకి మారింది. కొనేవాళ్లు దొరకని కుక్కలను బాధ తెలియకుండా చంపే గదిని 1884లో అక్కడే కట్టారు. దాన్ని రూపొందించిన బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ పేరున్న వైద్యుడు, తన పనిని దయగానే భావించాడు. ఆ కాలాన్ని మన కళ్లతో చూసి తిట్టడం తేలికే. పాశ్చర్ టీకా 1885 దాకా రాలేదు, కుక్కకాటంటే చావు భయం, పట్టిన కుక్కలా కుప్పలు. ఇవన్నీ ఒప్పుకుందాం. మూడు రోజుల లెక్క యజమాని కోసం వేసింది, కుక్క కోసం కాదు. కానీ యజమానే లేని కుక్కకు కూడా ఆ గడువే ఆయుష్షు అయింది.

ఆ మూడు రోజులు ఎలాంటివో తేలడానికి నూటముప్పై ఏళ్లు పట్టింది. 1997లో అమెరికాలోని ఒక కౌంటీ షెల్టర్లో కుక్కల రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను కొలిచారు. ఇళ్లలో ఉండే కుక్కలకంటే చాలా ఎక్కువగా కనబడింది, అదీ మొదటి మూడు రోజుల్లోనే. రోజులు గడిచేకొద్దీ తగ్గింది. అంటే కుక్క అసలు స్వభావం ఏమాత్రం బయటపడని రోజుల్లోనే దాని తలరాత రాసేస్తున్నారన్నమాట. అయితే బెదురంతా షెల్టర్ చలవే అనడమూ తప్పే. 1961లో అచ్చయిన ఒక ప్రయోగంలో పద్నాలుగు వారాల దాకా మనిషి పొడ తగలకుండా పెరిగిన కుక్కపిల్లలు ఆ తర్వాత ఎంత మచ్చిక చేసినా దగ్గరకు రాలేదు. కొన్ని భయాలు లోతుగా నాటుకుంటాయి. బెదురు కుక్క ఇక బాగుపడదనే చాలాకాలం తీర్మానించేవారు.

ఆ తీర్మానం 2007లో గట్టిదెబ్బ తింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ వర్జీనియాలోని తన స్థావరంలో కొట్లాట పందేల కోసం పెంచిన యాభై దాకా కుక్కలను అధికారులు స్వాధీనం చేసుకున్నారు. పందెపు కుక్కలను అంతకుముందు సాధారణంగా విచారణ ముగియగానే చంపేసేవారు. ఈసారి ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షిస్తే వాటిలో చాలావాటికి కోపం లేదు, మనిషిని చూస్తే నేలకు అట్టులా అతుక్కుపోయే భయం ఉంది. ఇంచుమించు అన్నిటినీ బతకనిచ్చారు, కొన్ని మామూలు ఇళ్లకు చేరాయి. 2013లో ఏఎస్‌పీసీఏ అనే సంస్థ తీవ్రమైన భయం ఉన్న కుక్కల కోసమే న్యూజెర్సీలో ఒక కేంద్రం పెట్టింది. అలాంటి కుక్క దగ్గర మనిషి చేసేది చూడ్డానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. పక్కకు తిరిగి నేలమీద కూర్చుంటాడు, కళ్లలోకి చూడడు, ఓ మాంసం ముక్క దూరంగా విసిరేసి ఊరుకుంటాడు. రేపు ఆ ముక్క ఓ జానెడు ఇవతల పడుతుంది. ఇలా 400కు పైగా కుక్కలపై చేసిన పనిని 2022లో ప్రచురించారు. నూటికి 80కి పైగా దత్తతకు పనికొచ్చే స్థితికి వచ్చాయి. పట్టిన కాలం సగటున మూడు నెలలు.

ఒక కుక్కకు మూడు నెలలిస్తే ఆ బోనులో పది చలాకీ కుక్కలు గట్టెక్కేవి కదా అని షెల్టర్ లెక్కలు చూసేవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అది బోనుల కొరత గురించిన ప్రశ్న, కుక్క గురించింది కాదు. కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకునే మనుషులు దొరికితే ఆ బోను ఖాళీ అవుతుంది, కుక్కకూ మొరుగుళ్లు లేని చోటు దొరుకుతుంది. ఇంకొకటి, మనిషిని చూసి పారిపోయే ప్రతి కుక్కకూ ఇల్లు వెతకాలని, బెదురు కుక్కకు గడువు పెంచాలనే ఈ వాదన చెప్పదు. హైదరాబాద్ సందులో పుట్టి అక్కడే నాలుగు గుమ్మాల ముద్దలు తిని పెరిగిన కుక్కకు ఆ సందే ఇల్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలని 2001 కేంద్ర నిబంధనలు చెప్పిందీ, 2023 నిబంధనలు మళ్లీ చెప్పిందీ ఆ ఎరుకతోనే అనిపిస్తుంది. వీధి నుంచి తెగిపోయి, తిరిగి పోవడానికి చోటు లేక బోనులో పడ్డ కుక్కకే గడువుతో పేచీ. ఇంగ్లండులో 1906 చట్టం ఆ మూడు రోజులను ఏడు చేసింది. 1990లో చట్టం కొత్తగా రాసినప్పుడూ ఆ అంకె మారలేదు. ఇవాళ్టికీ ఏడే.