ఎవరి గొంతు ఎవరిది - 7: సావోపాలో శివారు కేక



బ్రెజిల్ బానిసత్వాన్ని 1888 దాకా వదల్లేదని, అమెరికా ఖండాల్లో అందరికంటే చివర వదిలింది ఆ దేశమేనని పోయిన భాగంలో చెప్పుకున్నాం. విడుదలైన నల్లవాళ్ళకు భూమి ఇవ్వలేదు, బడి ఇవ్వలేదు. వాళ్ళ మునిమనవలు చాలామంది నగరాల అంచులకు చేరారు. ఆ అంచును అక్కడ 'పెరిఫెరియా' అంటారు. మన మాటలో ఊరవతలి వాడ. ఆ వాడ పిల్లలు గిటార్ పట్టిన కథ ఇది.

1964 నుంచి 1985 దాకా అక్కడ సైనిక పాలన. పాట మీదా పత్రిక మీదా సెన్సార్. 1978లో ఆ మౌనం మూడు చోట్ల పగిలింది. సావోపాలో పక్కనున్న ఏబీసీ పారిశ్రామిక పట్టణాల్లో లోహ కార్మికులు సమ్మె కట్టారు. జూలై 7న నల్లవాళ్ళు సావోపాలో మునిసిపల్ థియేటర్ మెట్ల మీద నిలబడి జాతి వివక్షను నిలదీశారు. ఆ ఏడాదే విలా కరోలినా అనే పేటలో కొందరు కుర్రాళ్ళు 'రెస్తోస్ ది నాదా' అనే పంక్ బ్యాండ్ పెట్టారు. అందులో బాస్ గిటార్ వాయించిన క్లెమెంతే నల్ల కుర్రాడు.

పంకే ఎందుకు? గురువు అక్కర్లేదు, సంగీత కళాశాల అక్కర్లేదు. మూడు కార్డ్‌లు వస్తే చాలు. పేదల గురించి పేరున్న గాయకులు అప్పటికే పాడుతున్నారు. వీళ్ళు మాత్రం మా సంగతి మేమే చెప్పుకుంటామన్నారు. సావో బెంతో మెట్రో స్టేషన్ దగ్గర పోగయ్యేవాళ్ళు. 1982లో మూడు బ్యాండ్‌లు కలిసి తెచ్చిన రికార్డు పేరు 'గ్రితో సుబుర్బానో', అంటే శివారు కేక. ఆ నవంబరు 27, 28 తేదీల్లో సెస్క్ పొంపేయాలో పెద్ద పంక్ ఉత్సవం జరిగింది. అప్పటిదాకా ఒకరినొకరు కొట్టుకుంటున్న నగరం గుంపులనూ ఏబీసీ గుంపులనూ కలపాలన్నది ఉద్దేశం. రెండో రోజు పోలీసులు దిగారు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. అదే శివార్లలో, అదే పేదరికంలోంచి గుండు గీయించుకున్న జాతీయవాద ముఠాలూ పుట్టాయి. ఆకలికి కోపం వస్తుంది గానీ, ఆ కోపం ఎవరి మీదికి పోవాలో ఆకలి చెప్పదు. అది చరిత్ర తెలిస్తేనే తెలుస్తుంది.

తర్వాత అదే సావో బెంతో స్టేషన్‌లో బ్రేక్ డాన్స్ మొదలైంది, దాని వెంటే రాప్ వచ్చింది. 1988లో 'రసియోనైస్' బృందం పుట్టింది. వాళ్ళ 1997 ఆల్బమ్‌ను ఉనికాంప్ విశ్వవిద్యాలయం తన ప్రవేశ పరీక్ష పాఠాల్లో చేర్చింది.

పోలీసులు తరిమిన వీధి పిల్లల పాట ఇరవై ఏళ్ళు తిరిగేసరికి పాఠమైంది. ఎవరో దయతలిచి ఇచ్చింది కాదది. స్టేషన్ మెట్ల మీద కూర్చున్నవాళ్ళు లేవకుండా కూర్చుంటే వచ్చింది. మన వాడల్లో డప్పు పట్టే తమ్ముళ్ళకు, రాప్ కట్టే చెల్లెళ్ళకు ఈ కథ చెప్పండి.

మిగతాది వచ్చే భాగంలో. జై భీమ్.